టమాటా తొక్కలోని లైకోపీన్: ద్రావకమా, కార్బన్ డయాక్సైడా?

ప్యూరీ తీశాక టమాటా తొక్కలు పారబోస్తుంటే ప్రాణం ఉసూరుమంటుంది. కాయకు ఎరుపునిచ్చే లైకోపీన్ గుజ్జులో కన్నా తొక్కలోనే ఎక్కువ. అది నీళ్లలో కరగదు కాబట్టి, బయటికి తీయాలంటే కరిగించేది ఇంకేదో కావాలి.

హెక్సేన్, ఇథైల్ ఎసిటేట్ లాంటి ద్రావకాలతో (కరిగించే రసాయన ద్రవాలతో) తీస్తే యంత్రాల ఖర్చు తక్కువ. కానీ రెండూ ఇట్టే మంట అంటుకుంటాయి, తీసిన లైకోపీన్‌లో వాటి జాడ మిగలకుండా చూసుకోవాలి.

కార్బన్ డయాక్సైడ్ పద్ధతి వేరు. 31 డిగ్రీల వేడి, 74 బార్ల ఒత్తిడి (ఒక బార్ అంటే దాదాపు మన చుట్టూ ఉండే గాలి ఒత్తిడి) దాటితే అది వాయువులా తొక్కలోకి చొరబడి, ద్రవంలా కరిగిస్తుంది. లైకోపీన్‌కైతే 300 బార్లు, ఆపైన కూడా ఒత్తిడి పెడతారు. ఒత్తిడి తగ్గిస్తే వాయువు దానంతటదే విడిపోతుంది. ఖర్చంతా ఆ ఒత్తిడిని తట్టుకునే పాత్రలకే.

తినేవాటిలో వాడే లైకోపీన్‌కైతే నా ఓటు దీనికే. మదనపల్లె రైతులు చిన్న యూనిట్ పెట్టుకుంటామంటే మాత్రం ఇథైల్ ఎసిటేట్‌తో మొదలుపెట్టమంటాను. ఏ పద్ధతైనా తొక్కను నీడలోనే ఆరబెట్టాలి, ఎండకు లైకోపీన్ పాడవుతుంది.