మా తమ్ముడి కేర్ ప్లాన్: ఏళ్ల తరబడి వాడాక నా అభిప్రాయం

మా తమ్ముడికి ఆటిజం ఉందని చిన్నప్పుడే తెలిసింది. ఇరవైల్లోకి వచ్చాక బైపోలార్ బయటపడింది, అంటే మనసు కొన్నాళ్లు విపరీతమైన హుషారులోకి (మేనియా), కొన్నాళ్లు డిప్రెషన్‌లోకి ఊగే జబ్బు. ఏడీహెచ్‌డీ (శ్రద్ధ, కుదురు నిలవని సమస్య) సంగతి అన్నిటికంటే ఆలస్యంగా తేలింది. అందుకు కారణం ఉంది. మానసిక సమస్యల నిర్ధారణకు చాలామంది డాక్టర్లు ఆధారంగా పెట్టుకునే డీఎస్ఎమ్ అనే పుస్తకం పాత కూర్పు ప్రకారం, ఆటిజం ఉన్న మనిషికి ఏడీహెచ్‌డీ కూడా ఉందని రాయడానికి వీలుండేది కాదు. 2013లో వచ్చిన డీఎస్ఎమ్-5 ఆ అడ్డు తీసేసింది. అంతకు ముందు పెరిగిన పిల్లల ఫైళ్లలో సగం కథే ఉంటుంది. మావాడి ఫైలూ అంతే.

మనిషికున్న సమస్యలన్నిటికీ కలిపి ఒకే ప్లాన్ రాసి చూసుకునే ఈ వ్యక్తిగత కేర్ సర్వీసులో చేరకముందు మా బాధ ఒక్క మాటలో చెప్పాలంటే, ఎవరి గుమ్మం ఎక్కినా పక్క గుమ్మం చూపించేవాళ్లు. ఆటిజం సెంటర్ వాళ్లు మూడ్ సమస్య మా పరిధిలోకి రాదనేవారు. మానసిక వైద్య విభాగం వాళ్లు ఆటిజం ఉంది కాబట్టి మా కౌన్సెలింగ్ పనికిరాదనేవారు. ఒకే మనిషిలో మూడు ఉన్నప్పుడు ఆ మనిషిని మొత్తంగా చూసేవాళ్లు కావాలి. వ్యక్తిగత కేర్ అనే మాట వినగానే చేరింది ఆ ఆశతోనే. ఇన్నేళ్లు వాడాక, ఏది నిజంగా పనిచేసిందో, ఏది ఇప్పటికీ కుంటుతోందో రాస్తున్నాను.

ఏర్పాటు ఇలా ఉంటుంది. ఒక సైకియాట్రిస్ట్, ఒక సైకాలజిస్ట్, రోజువారీ పనులు చేసుకోవడంలో సాయపడే ఒక ఆక్యుపేషనల్ థెరపిస్ట్, వీళ్లందరినీ కలిపి ఉంచే ఒక కీ వర్కర్, ఇంటికి వచ్చే సపోర్ట్ వర్కర్లు కొందరు. అందరూ ఒకే ప్లాన్ చూసి పనిచేస్తారు. ఆ ప్లాన్ ఒక కాపీ మావాడి దగ్గరే ఉంటుంది. ఇంట్లో వాళ్లం కూడా వాడిని అడిగే తెరుస్తాం.

మొదటి వారాల్లో ఎవరూ థెరపీ మొదలుపెట్టలేదు. కీ వర్కర్ వచ్చేవాడు, కూర్చునేవాడు, వెళ్లేవాడు. మా నాన్నగారికి ఓపిక నశించింది. "ఈయన ఏం చేస్తున్నట్టమ్మా?" అని నన్ను అడిగేవారు. కీ వర్కర్ చేసింది నాకు తర్వాత అర్థమైంది. మావాడు బాగున్నప్పుడు ఎలా ఉంటాడో రాసుకుంటున్నాడు. ఇదే అసలు పునాది. మావాడు తనకిష్టమైన విషయం మీద రెండు గంటలు ఆపకుండా మాట్లాడతాడు. బైపోలార్ పుస్తకం పట్టుకుని చూస్తే అది మేనియా. మావాడికది మామూలు మంగళవారం. ముఖంలో ఏ భావమూ కనిపించదు. చూసినవాళ్లు డిప్రెషన్ అనుకుంటారు. లోపల హాయిగానే ఉంటాడు. ఏది వాడి తీరు, ఏది జబ్బు అన్నది విడదీయకుండా రాసిన మందులు మనిషిని ఎంత పాడుచేస్తాయో మేం చూశాం.

మావాడికి వాతావరణం అంటే ప్రాణం. రోజూ ఉదయం, సాయంత్రం ఉష్ణోగ్రత, గాలి, మబ్బులు ఒక నోట్‌బుక్కులో రాస్తాడు. కీ వర్కర్ వాడిని అడిగి పాత నోట్‌బుక్కులు తీసుకుని, ఆసుపత్రిలో చేరిన తేదీలతో పోల్చి చూశాడు. డిప్రెషన్ రాకముందు సాయంత్రం నమోదులు ఆగిపోతున్నాయి. ఉదయానివి మాత్రం కొన్నాళ్లు సాగుతున్నాయి. మేనియాకు ముందు అక్షరాలు పెద్దవవుతున్నాయి, గీతలు దాటుతున్నాయి, రేపు ఏం జరుగుతుందో జోస్యాలు మొదలవుతున్నాయి. ఏళ్లుగా ఆ పుస్తకాలు మా అలమారలోనే ఉన్నాయి. ఇప్పుడు ప్లాన్‌లో ముందస్తు గుర్తుల పేజీలో మొదటి వాక్యం అదే: "సాయంత్రం రాయడం మానేస్తే డాక్టరుకు చెప్పండి." దాని కింద నిద్ర. నిద్ర తగ్గినా అలసట లేకపోతే మేనియా వైపు, అలసిపోయి కూడా నిద్ర పట్టకపోతే ఎక్కువగా చుట్టూ ఉన్న శబ్దం, వెలుతురు సంగతి. ఈ ఒక్క పేజీ వల్ల రెండుసార్లు ఆసుపత్రి తప్పిందని నా నమ్మకం.

ప్రశ్నలు అడిగే పద్ధతి కూడా మారింది. "నీ మూడ్ ఒకటి నుంచి పది మధ్య ఎంత?" అంటే మావాడు నోరు విప్పడు. తన భావం ఏమిటో తనకే పోల్చుకోవడం కష్టం. దీన్ని అలెక్సిథైమియా అంటారు, ఆటిజం ఉన్న చాలామందిలో ఉంటుంది. సైకాలజిస్ట్ ఆ ఫారం పక్కన పెట్టేసి ఒంటి గురించి అడగడం మొదలుపెట్టారు. గుండె వేగంగా కొట్టుకుంటోందా, దవడ బిగుసుకుందా, చేతులు బరువుగా ఉన్నాయా. వాటికి ఠక్కున జవాబు చెప్తాడు. ఇంకొకటి, ప్రశ్న అడిగాక ఆగాలి. జవాబు రాలేదని అదే ప్రశ్నను వేరే మాటల్లో తిప్పి అడిగితే వాడి బుర్ర మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. ప్లాన్‌లో ఇది లావు అక్షరాల్లో ఉంది.

ఇప్పుడు పన్ను సంగతి చెప్పాలి, ఎందుకంటే ప్లాన్ విలువ నాకు పూర్తిగా తెలిసింది అప్పుడే.

ఒక దశలో మావాడు అరచేత్తో తన దవడ మీద కొట్టుకోవడం మొదలుపెట్టాడు. రాత్రుళ్లు ఎక్కువ. కొత్తగా చూసిన ఒక డాక్టర్ రెండు నిమిషాల్లో తేల్చేశారు: ఆటిజంలో ఇది మామూలే, మందు డోసు పెంచుదాం అని. ఉన్న రోగనిర్ధారణ మీదికే అన్నీ తోసేయడం ఇలాంటి మనుషుల విషయంలో తరచూ జరుగుతుంది. నొప్పి చెప్పుకోలేని మనిషికి ఇది పెద్ద ప్రమాదం. మా సపోర్ట్ వర్కర్లు మాత్రం ఎప్పుడు కొట్టుకున్నాడు, దానికి ముందు ఏం జరిగింది, తర్వాత ఏం జరిగింది అని రోజూ రాస్తున్నారు. ఆ కాగితాలు పరిచి చూస్తే నమిలిన తర్వాత, పడుకున్న తర్వాత ఎక్కువగా ఉంది. కుడి వైపే ఉంది. కీ వర్కర్ ముందు దంత వైద్యుడి దగ్గరికి వెళ్దామన్నాడు. జ్ఞానదంతం చుట్టూ చీము పట్టింది.

అక్కడితో అయిపోలేదు. మావాడు మూడ్‌ను నిలకడగా ఉంచే లిథియం అనే మందు వాడతాడు. ఇబుప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు వేస్తే లిథియం మూత్రపిండాల ద్వారా బయటికి పోవడం తగ్గి, రక్తంలో మోతాదు పెరిగిపోతుంది. దంత వైద్యులకు ఇబుప్రొఫెన్ రాయడం అలవాటే. మా ప్లాన్ మొదటి పేజీలో ఎర్ర గడిలో "లిథియం వాడుతున్నారు, ఇబుప్రొఫెన్ వద్దు, పారాసిటమాల్ ఇవ్వండి" అని ఉంది. ఆ దంత వైద్యుడు రాయబోయి, ఆ పేజీ చూసి ఆగి, మార్చి రాశారు. ఆ క్షణం నేను పక్కనే ఉన్నాను. పన్ను తీసేశాక దవడ కొట్టుకోవడం ఆగిపోయింది. ఏ డోసూ పెంచలేదు.

లిథియం విషయంలో ఇంకా చెప్పాల్సింది ఉంది. చివరి మాత్ర వేసుకున్న 12 గంటలకు రక్తం తీయాలి. సాధారణంగా లీటరుకు 0.6 నుంచి 0.8 మిల్లీమోల్ మధ్య ఉంచుతారు, అవసరాన్ని బట్టి 1.0 దాకా వెళ్తారు. దాటితే చేతులు వణకడం, వాంతులు, విరేచనాలు, మాట తడబడటం, నడక తూలడం కనిపిస్తాయి. ఒంట్లో నీరు తగ్గినా మోతాదు పెరుగుతుంది. మావాడికి దాహం తెలియదు. ఆటిజం ఉన్నవాళ్లలో ఒంటి లోపలి సంకేతాలు సరిగా అందకపోవడం చాలామందికి ఉన్నదే. "బాగా నీళ్లు తాగించండి" అని రాసి వదిలేయకుండా, ఆక్యుపేషనల్ థెరపిస్ట్ నీళ్లు తాగడాన్ని వాతావరణం నోట్‌బుక్కులోనే ఒక గడిగా చేర్పించారు. వాడు ఏ గడినీ ఖాళీ వదలడు. రక్త పరీక్షకు కూడా ఒక పద్ధతి పెట్టారు. రోజు మొదటి అపాయింట్‌మెంట్, అదే నర్సు, గంట ముందే చర్మం మొద్దుబారే క్రీము, చెవులకు హెడ్‌ఫోన్లు. ఇంతకు ముందు నలుగురు పట్టుకుంటే గానీ అయ్యేది కాదు.

ఏడీహెచ్‌డీ మందు వెంటనే ఇవ్వలేదు. బైపోలార్ కుదుటపడకుండా స్టిమ్యులెంట్ (ఏడీహెచ్‌డీకి ఇచ్చే ఉత్తేజక మందు) మొదలుపెడితే మేనియా రేగే ప్రమాదం ఉంది కాబట్టి ముందు మూడ్ నిలబడాలన్నారు. తర్వాత చాలా చిన్న డోసుతో, ఒకసారికి ఒకే మార్పు. నిదానం అనిపిస్తుంది. కానీ ఏ మందు ఏం చేసిందో తెలియాలంటే వేరే దారి లేదు.

అసంతృప్తులు ఉన్నాయి. పెద్దది, మనుషులు మారడం. మా మొదటి కీ వర్కర్ వెళ్లిపోయినప్పుడు వారం కూడా ముందు చెప్పలేదు. కొత్తావిడ ఫైలు శ్రద్ధగా చదువుకునే వచ్చారు, తప్పు ఆవిడది కాదు. కానీ మావాడు చాలా రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు, కాగితం మీద రాసి చూపించేవాడు. "అంతా ఫైల్లో ఉంది కదా" అన్నారు ఆఫీసు వాళ్లు. ఫైల్లో ఉన్నది సమాచారం. మావాడికి కావాల్సింది తెలిసిన మనిషి. మేం గట్టిగా పట్టుబట్టాక ఇప్పుడు పాతవాళ్లు, కొత్తవాళ్లు కొన్ని వారాలు కలిసి రావాలని ప్లాన్‌లో రాశారు. ఇది మొదటి రోజే ఉండాల్సిన నిబంధన.

రివ్యూ మీటింగుల్లో మావాడిని ఎదురుగా కూర్చోబెట్టుకుని "అతను", "అతనికి" అని మాట్లాడటం నాకు ఇప్పటికీ ఒళ్లు మండిస్తుంది. ఒకసారి లక్ష్యాల జాబితాలో "ఎదుటివారి కళ్లలోకి చూడటం", "గ్రూపు షికార్లలో పాల్గొనడం" అని రాసుకొచ్చారు. మావాడు పెన్ను తీసుకుని రెండూ కొట్టేశాడు. పక్కన "ఒంటరిగా బస్సు ఎక్కాలి" అని రాశాడు. టీమ్ ఒప్పుకుని ఆ ఏడాదంతా బస్సు మీదే పనిచేసింది. ఇప్పుడు ఎక్కుతున్నాడు. ఈ సర్వీసుకు నా మనసులో అన్నిటికంటే ఎక్కువ మార్కులు ఇక్కడే పడ్డాయి.

బాగున్న రోజుల్లో మావాడు ముందుగానే రాసి సంతకం పెట్టిన పత్రం ఒకటి ఉంది. మేనియా వస్తే తనకు ఏం చేయాలి, ఏం చేయకూడదు అని. ఫోన్ లాక్కోవద్దు, డబ్బు చెల్లింపులు మాత్రం ఆపండి. గదిలో పెట్టి తలుపు వేయొద్దు. పట్టుకోవద్దు, దూరంగా నిలబడండి. ఫలానా మందు పడలేదు, మళ్లీ ఇవ్వొద్దు. వికలాంగుల హక్కులపై 2006 నాటి ఐక్యరాజ్యసమితి ఒడంబడిక అడిగేది ఇదే: మనిషి తరఫున నిర్ణయించడం కంటే, తన నిర్ణయం తాను తీసుకోవడానికి తోడు నిలవమని. ఒకసారి దీని అవసరం పడింది. చెల్లింపులు ఆపితే మా మీద బాగా కోపం తెచ్చుకున్నాడు. పత్రం చూపించాం. చాలాసేపు చూసి, "రాసింది నేనే అక్కా. ఇప్పుడు నాకు నచ్చలేదు. అయినా అలాగే ఉంచు" అన్నాడు.

మొత్తం మీద ఐదులో నాలుగు ఇస్తాను. ఒకే సమస్య ఉండి, అది తేలికగా ఉన్నవాళ్లకు ఇంత ఏర్పాటు భారమే అవుతుంది. మీటింగులు, కాగితాలు ఎక్కువ. రెండు మూడు కలగలిసి ఒక్కో డాక్టరు ఒక్కో ముక్క చూస్తున్న ఇళ్లకు మాత్రం తప్పకుండా చూడమంటాను. చేరేముందు కీ వర్కర్ మారితే ఏం చేస్తారో, ప్లాన్‌లో ఒక మాట మీ మనిషికి నచ్చకపోతే దాన్ని ఎవరు, ఎన్నాళ్లలో మారుస్తారో రాతపూర్వకంగా అడగండి.

తగ్గించిన ఆ ఒక్క మార్కు రాత్రి ఫోన్‌కి. పనివేళలు దాటాక ఫోన్ చేస్తే మావాడి పేరు కూడా తెలియనివాళ్లు ఎత్తి, అన్నీ మొదటి నుంచి చెప్పమంటారు. కనీసం ఆ మొదటి పేజీ అయినా వాళ్ల కంప్యూటర్లో కనిపించేలా పెట్టమని రాతపూర్వకంగా అడిగాం. వచ్చే రివ్యూకల్లా చేస్తామన్నారు. చేస్తే ఇక్కడే మార్కు మారుస్తాను.