‘బోల్డు’ అంటే ఎన్ని? బడిపిల్లలతో ఆరేళ్లు ఈబర్డ్ వాడాక

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను మా శ్రీకాకుళం జిల్లా మీద విరుచుకుపడింది. దారులు తెరుచుకున్నాక తేలినీలాపురం వెళ్లాను. కొంగలు గూళ్లు కట్టే చెట్లు కూలిపోయి ఉన్నాయి. ఎన్ని పక్షులు పోయాయని ఒక పెద్దాయన్ని అడిగితే “బోల్డు పోనాయి మాస్టారూ” అన్నాడు. తుపానుకు ముందు ఎన్ని ఉండేవి అంటే, “బోల్డుండేవి.”

ఆయన తప్పేం లేదు. ఏటా ఎనిమిదో తరగతి పిల్లల్ని ఆ ఊరికి తీసుకెళ్లే జీవశాస్త్రం టీచర్ని నేను. నా దగ్గరా ఒక్క అంకె లేదు. ఫొటోలున్నాయి, పిల్లలు రాసిన వ్యాసాలున్నాయి. ఎంత పోయిందో చెప్పాలంటే ముందు ఎంత ఉందో ఎవరో ఒకరు రాసి పెట్టి ఉండాలి కదా. మరుసటి ఏడాది నుంచి ఈబర్డ్ వాడుతున్నాను. ఆరేళ్లు దాటింది. మా పక్క బడుల టీచర్లు అడుగుతున్నారని ఇది రాస్తున్నాను.

ఈబర్డ్ అంటే తెలియనివాళ్లకు రెండు మాటలు. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయ పక్షి పరిశోధన కేంద్రం, పక్షుల సంరక్షణకు పనిచేసే ఆడుబాన్ సొసైటీ కలిసి 2002లో మొదలుపెట్టాయి. ఎవరైనా, ఎక్కడైనా చూసిన పక్షుల జాబితా పంపవచ్చు. డబ్బు కట్టక్కర్లేదు. మనం పంపిన సమాచారాన్ని పరిశోధకులు తీసుకుని వాడుకుంటారు. మన దేశంలో ఈ పనిని బర్డ్ కౌంట్ ఇండియా అనే సమాఖ్య ముందుకు నడిపిస్తోంది.

ఇక వాడకం సంగతి. ఫోన్లో స్టార్ట్ నొక్కి నడుస్తూ, కనిపించిన పక్షినల్లా, ఎన్ని కనిపించాయో అంకెతో సహా నమోదు చేస్తాం. ఎంత సేపు, ఎంత దూరం అనేది యాప్ లెక్కపెడుతుంది. అయిపోయాక పంపేముందు ఒక ప్రశ్న ఉంటుంది: మీరు గుర్తించగలిగిన పక్షులన్నీ రాశారా, అవునా కాదా? నా దృష్టిలో యాప్ మొత్తంలో విలువైనది ఆ ప్రశ్నే. అన్నీ రాశామని చెప్పినప్పుడు, జాబితాలో లేని పక్షి ఆ పూట కనిపించలేదని కూడా చెప్పినట్టే. పిల్లలకు ఇది ఎక్కడానికి మూడు నెలలు పట్టింది. “కాకిని కూడా రాయాలా మాస్టారూ?” అని అడిగేవాళ్లు. రాయాలి. కాకి, గోరింక, పిచ్చుక రాయకుండా ఎర్రకాళ్ల కొంగ ఒక్కటే రాస్తే అది ముచ్చట అవుతుంది గానీ లెక్క అవదు.

ఇప్పుడు ప్రతి శనివారం ప్రార్థన అయ్యాక పదిహేను నిమిషాలు బడి ఆవరణలోనే లెక్కపెడతాం. నెలకోసారి తేలినీలాపురం గానీ నౌపడ ఉప్పు మడులకు గానీ వెళ్తాం. కరోనా వేళ బడి మూతపడినప్పుడు కొందరు మేడల మీద నుంచి, పెరట్లోంచి జాబితాలు ఫోన్లో చెప్పేవాళ్లు. అందరూ కాదు, నలుగురైదుగురు.

తేలినీలాపురంలో మొదట్లో తప్పులు చేశాం. ఎర్రకాళ్ల కొంగలూ గూడబాతులూ (పెలికన్లు) ఒకే చెట్టు మీద గూళ్లు కడతాయి. చేపలు తేవడానికి కొన్ని వెళ్తుంటాయి, కొన్ని వస్తుంటాయి. ఒక గుంటడు ఎగిరేవాటిని లెక్కపెట్టాడు, ఇంకొకడు వాలినవాటిని. రెండూ కలిపేశాం. వెళ్లి మళ్లీ వచ్చిన పక్షిని రెండుసార్లు లెక్కపెట్టినట్టయింది. ఇప్పుడు వాచ్ టవర్ ఎక్కి, చెట్టుకి ఇద్దరు చొప్పున నిలబడి, వాలి ఉన్నవాటినే లెక్కపెడతారు. మంద పెద్దదైతే ముందు పది లెక్కపెట్టి, ఆ పది కొమ్మ మీద ఎంత మేర ఉన్నాయో కళ్లతో పట్టుకుని, అలాంటి పదులు ఎన్నున్నాయో చూస్తారు. ఇద్దరి అంకెలూ పొంతన లేకపోతే మళ్లీ మొదటి నుంచి.

ఇంకో తప్పు నాది. నడక అయ్యాక స్టాప్ నొక్కడం మరిచి బస్సెక్కేశాను. కిలోమీటరున్నర నడక కాస్తా పధ్నాలుగు కిలోమీటర్లయింది. దాన్నలాగే పంపేస్తే, పధ్నాలుగు కిలోమీటర్లలో ఇన్నే పక్షులా అనుకుంటారు చదివేవాళ్లు. ఇంటికెళ్లి సరిచేశాను. అప్పటి నుంచి స్టాప్ నొక్కించే బాధ్యత ఒక అమ్మాయికి అప్పగించాను, ఒక్కసారి కూడా మరవలేదు.

బాగా గుర్తుండిపోయింది మాత్రం రెండో ఏడాది సంగతి. గూడబాతు మెడ వెనక వంకీలు తిరిగిన ఈకలు చూసి, మా పిల్లలు పుస్తకంలో బొమ్మతో పోల్చుకుని డాల్మేషియన్ పెలికన్ అనే వేరే జాతిగా నమోదు చేశారు. ఈ ప్రాంతంలో అరుదు అని యాప్ హెచ్చరించింది. మేం సంబరపడి పంపేశాం. కొన్నాళ్లకు మెయిల్ వచ్చింది. ఈబర్డ్‌లో ప్రాంతాలవారీగా జాబితాలు పరిశీలించే వలంటీర్లుంటారు. అనుమానం వచ్చిన నమోదుపై వివరాలు అడుగుతారు. ముక్కు ఫొటో ఉందా అని మర్యాదగా అడిగారు. బైనాక్యులర్‌కి ఫోన్ ఆనించి తీసిన ఫొటో ఒకటుంది. పెద్దది చేసి చూస్తే పైముక్కు అంచు పొడవునా నీలంరంగు చుక్కలు వరసగా ఉన్నాయి, కుట్టు వేసినట్టు. అవి ఉంటే మన గూడబాతే, స్పాట్ బిల్డ్ పెలికన్. ఆ పేరే ఆ చుక్కల వల్ల వచ్చింది. నమోదు మార్చుకున్నాం. ఆ రోజు తరగతిలో ఎవరూ చిన్నబోలేదు. తర్వాత ఏ పక్షిని చూసినా ముందు ముక్కే చూస్తున్నారు.

మా ఊళ్లలో ఇవన్నీ సైబీరియా పక్షులని గట్టి నమ్మకం. నేనూ ఏళ్ల తరబడి అదే చెప్పాను పిల్లలకి. ఈబర్డ్‌లో ఒక్కో పక్షి ఎక్కడెక్కడ నమోదైందో పటం కనిపిస్తుంది. గూడబాతు పటం తెరిస్తే భారతదేశం, శ్రీలంక, ఇంకా అటు కంబోడియా వైపు చుక్కలున్నాయి. సైబీరియాలో ఒక్కటీ లేదు. ఎర్రకాళ్ల కొంగదీ అదే కథ. ఇవి మన ఉపఖండం పక్షులే, నీళ్లూ చేపలూ చూసుకుని తిరుగుతాయి. నిజంగా ఉత్తరధ్రువం అంచు నుంచి వచ్చేది నౌపడ ఉప్పు మడుల్లో పరుగులు తీసే లిటిల్ స్టింట్. పిచ్చుకంత ఉంటుంది. దాన్ని ఎవరూ పట్టించుకోరు. ఆ రోజు నుంచి మా పిల్లలకు నౌపడ వెళ్లడమంటే పండగే.

మెర్లిన్ అనే యాప్ కూతను బట్టి పక్షి పేరు చెబుతుంది. కార్నెల్ వాళ్లదే. సరదాగా ఉంటుంది, నేర్చుకోవడానికి పనికొస్తుంది. కానీ అది చూపించగానే నమోదు చేసేయడం నాకు ఇష్టం లేదు. కన్నుతో చూడాలి, లేదా ఆ కూత మనకే తెలిసి ఉండాలి. ఇది మా తరగతి కట్టుబాటు.

ఇబ్బందులూ ఉన్నాయి. ఇంగ్లిష్ పేర్లు తొమ్మిదో తరగతి పిల్లల నోట తిరగవు. అందుకే ఒక చార్టు మీద మా ఊరి పేరు, పుస్తకం పేరు, ఇంగ్లిష్ పేరు పక్కపక్కన రాసుకున్నాం. ఫోన్ ఉన్నవాళ్లకే ఈ పని అందుతుంది, అదీ బాధే. నౌపడ దగ్గర సిగ్నల్ ఉండదు గానీ జాబితా ఫోన్లోనే నిల్వ ఉంటుంది, ఇంటికొచ్చి పంపుకోవచ్చు. బడి ఆవరణవి పోగా మిగతా జాబితాలన్నీ సెలవు రోజులవీ, రోడ్డు పక్కవీ కావడం పెద్ద లోటు. కొండల మీద, జీడితోటల్లో ఏముందో మా లెక్కలు చెప్పవు. అందుకే అటూ వెళ్లే ప్రయత్నంలో ఉన్నాం.

ఈ శ్రమ ఎటు పోతుందని తల్లిదండ్రులు అడుగుతారు. ‘స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్ 2023’ నివేదిక చూపిస్తాను. 30 వేల మందికి పైగా పంపిన 3 కోట్లకు పైగా నమోదులతో 942 జాతుల పరిస్థితి లెక్కగట్టారు. నెమలి, కోకిల పెరుగుతున్నాయని, పాలపిట్ట తగ్గుతోందని అందులో ఉంది. దసరా రోజు పాలపిట్ట కోసం ఊరి బయటికి వెళ్లే ఇళ్లలో ఈ మాట సూటిగా తగులుతుంది.

మొదలుపెట్టాలనుకునే టీచర్లకు ఫిబ్రవరి మంచి సమయం. గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్ నాలుగు రోజులు జరుగుతుంది, బడులూ కాలేజీలూ తమ ఆవరణల్లోనే లెక్కపెట్టవచ్చు. ఒక మామూలు బైనాక్యులర్ చాలు. గూళ్లున్న చెట్ల కిందికి మాత్రం పిల్లల్ని పంపకండి. పెద్ద పక్షి బెదిరి లేస్తే పిల్లపక్షి జారి కిందపడుతుంది.

మొన్న తేలినీలాపురం వెళ్తే అదే పెద్దాయన టవర్ దగ్గరికొచ్చాడు. “ఏటి మాస్టారూ, ఈ తడవ ఎన్నొచ్చినాయి?” అన్నాడు. మా ఏడో తరగతి అమ్మాయి నోట్‌బుక్ తిప్పి, చెట్టు చెట్టుకీ విడివిడిగా చదవడం మొదలుపెట్టింది. ఆయన చివరిదాకా నిలబడి విన్నాడు.