పాత టేకు అల్మారాకు లక్క పాలిషా, ఎనామిల్ రంగా, పీయూ పూతా: ఏది మేలు?

నల్లగొండ, దేవరకొండ, అచ్చంపేట వైపు పాత భవంతి ఇళ్లు విప్పినప్పుడు దర్వాజలు, దూలాలు కొనుక్కుపోయేవాళ్లు వెంటనే దొరుకుతారు గానీ, అల్మారాలు, సందుగలు, పట్టె మంచాలు మాత్రం ఏం చేయాలో తేలక కొట్టంలోనో మెట్ల కిందనో చేరిపోతాయి. వాటిని బాగుచేయించి కొత్త ఇంట్లో పెట్టుకోవాలనుకునేవారు సాధారణంగా ఏది ఎక్కువ మెరుస్తుంది, ఏది ఎక్కువ ఏళ్లు ఉంటుంది అని అడుగుతారు. పాత సామాను విషయంలో ఈ రెండింటికన్నా ముందు అడగవలసిన ప్రశ్న వేరే ఉందని నా అభిప్రాయం: పూత ఒకచోట చెడితే, మొత్తం గీకనవసరం లేకుండా ఆ ఒక్కచోటే సరిచేసుకోగలమా?

ఈ ప్రశ్న పుట్టేది మన వాతావరణం వల్లనే. మే నెలలో ఎండ 45 డిగ్రీల దరిదాపులకు చేరినప్పుడు కర్రలోని తేమ ఆరిపోయి పలకలు కుంచించుకుంటాయి. వానలు మొదలయ్యాక అవే పలకలు తేమ పీల్చి ఉబ్బుతాయి. ఎంత పాత టేకు అయినా ఈ కదలిక పూర్తిగా ఆగదు. పాతకాలపు వడ్రంగులు తలుపు మధ్య పలకను చట్రపు గాడిలో జిగురు పెట్టకుండా వదులుగా కూర్చింది ఇందుకే. ఆ సందులో లప్పం కూరి పైన గట్టి పొర వేస్తే, చూడటానికి మొదట నున్నగా ఉన్నా, ఎండలు ముదిరాక ఆ గీత వెంటే పగులు తేలుతుంది. అందువల్ల లక్క పాలిష్, ఎనామిల్, పీయూ (పాలియురేథేన్ అనే ప్లాస్టిక్ తరహా గట్టి పూత) అనే మూడు పూతలనూ ఆ పగులు దగ్గర నిలబెట్టి చూడాలి.

అంతకన్నా ముందు ఇప్పుడు పైన ఏముందో తెలుసుకోవడం అవసరం. తలుపు లోపలి అంచున, బయటికి కనిపించని చోట, పాలిష్ పనికి వాడే స్పిరిట్‌లో ముంచిన దూదిని ఒకటి రెండు నిమిషాలు అదిమి పట్టండి. పొర మెత్తబడి వేలికి బంకగా తగిలి, దూదికి గోధుమ రంగు అంటితే అది లక్క పాలిష్. స్పిరిట్‌కు కదలక థిన్నర్‌కు కరిగితే ఎన్‌.సి. (నైట్రోసెల్యులోజ్) లక్కర్ కావచ్చు, కరగకుండా ముడతలు పడి లేస్తే ఎనామిలో, నూనె వార్నిషో అయి ఉంటుంది. తరువాత అల్మారా కాలి అడుగున ఉలితో సన్నని పెచ్చు తీసి చూస్తే కర్ర సంగతి బయటపడుతుంది. టేకు అయితే తోలు వాసనను పోలిన వాసన వస్తుంది, చెక్కిన చోట కొద్దిగా జిడ్డు తగులుతుంది. జిట్రేగు (రోజ్‌వుడ్) అయితే ఊదా, నలుపు చారలు కనిపిస్తాయి. ముందు భాగమంతా టేకు పెట్టి, వెనుక పలకలకు వేపనో మామిడినో వాడిన అల్మారాలు తక్కువేమీ కావు కాబట్టి ఒక్కచోట చూసి మొత్తం టేకు అనుకోకూడదు.

పాత ఎనామిల్ రంగు తీయవలసి వస్తే ఒక జాగ్రత్త తప్పనిసరి. మన దేశంలో ఇళ్లకు వాడే రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90 భాగాలు) మించకూడదన్న నిబంధన 2017 నవంబరు 1 నుంచి అమలులోకి వచ్చింది. అంతకుముందు వేసిన రంగులో సీసం ఉండే అవకాశం ఉంది గనుక దాన్ని పొడిగా రుద్ది దుమ్ము లేపకూడదు, మంటతో కాల్చకూడదు. పెయింట్ రిమూవర్ పూసి, గాలి ఆడే చోట, చేతులకు తొడుగులతో, పిల్లలను దూరంగా ఉంచి గీకాలి; మిగిలిన మరకలను నీటి కాగితంతో (తడిపి వాడే గరుకు కాగితం) తడిపి రుద్దాలి. కాస్టిక్ సోడా నీళ్లు పోసే పద్ధతి చవకే గానీ, అది టేకును నల్లబరుస్తుంది, కీళ్లలోని పాత జిగురును వదులు చేస్తుంది.

ఇక లక్క పాలిష్. మోదుగ, రేగు వంటి చెట్ల కొమ్మల మీద లక్క పురుగు స్రవించే పదార్థమే దీనికి మూలం. మోదుగకు మన దగ్గర కొదవ లేకపోయినా, లక్క ఎక్కువగా వచ్చేది జార్ఖండ్ నుంచి. లీటరు స్పిరిట్‌కు 150 నుంచి 200 గ్రాముల లక్క రేకులు వేసి రాత్రంతా కరగనిచ్చి, వడగట్టి, మల్లు గుడ్డలో చుట్టిన దూదితో పలుచని పొరలుగా రుద్దుతారు. చేయి ఒక్కచోట ఆగితే అప్పటికే ఆరిన పొర కరిగి గుడ్డకు అంటుకుంటుంది. అందుకే పాలిష్ చేసేవారు గుడ్డను కదిలిస్తూనే కర్ర మీద ఆనించి, కదిలిస్తూనే పైకి తీస్తారు. దీని బలం, బలహీనత రెండూ ఈ కరిగే గుణంలోనే ఉన్నాయి. వేడి చాయ్ గ్లాసు పెడితే తెల్లని వలయం పడుతుంది, సబ్బు నీళ్లతో తుడిస్తే మెరుపు పోతుంది. అయితే ఆ చోటును శుభ్రం చేసి మళ్లీ నాలుగు పొరలు రుద్దితే కొత్త లక్క పాత లక్కను కరిగించి దానితో ఒకటైపోతుంది, అతుకు కనిపించదు. పలక కదిలినచోట గీత పడినా అంతే. సామగ్రి ఖర్చు తక్కువ, కూలి ఖర్చు ఎక్కువ, ఓపికగా చేసే మనిషి దొరకడం అన్నిటికన్నా కష్టం. కలిపి నెలల తరబడి నిలవ ఉంచిన ద్రావణాన్ని మాత్రం వాడనివ్వకండి. అది సరిగా ఆరక జిడ్డుగా మిగులుతుంది.

ఎనామిల్‌ను చులకన చేయవలసిన పని లేదు. ఒక తలుపు టేకు, ఇంకొకటి తరువాత మార్చిన వేప, చెదలు తిన్న మూలకు వేసిన అతుకు, మేకుల గుంతలు ఇన్ని ఉన్న అల్మారాకు పాలిష్ వేస్తే ప్రతి అతుకూ ఎత్తి చూపినట్టు కనిపిస్తుంది. అక్కడ రంగే మర్యాద. ప్రైమర్, లప్పం, మళ్లీ ప్రైమర్, ఆపైన రెండు పొరల రంగు అన్న వరుస తప్పకూడదు. 6 అడుగుల ఎత్తు, మూడున్నర అడుగుల వెడల్పు, అడుగున్నర లోతు ఉన్న అల్మారాకు వెనుక భాగం వదిలేస్తే బయటివైపు సుమారు 44 చదరపు అడుగులు వస్తుంది గనుక రెండు పొరలకు లీటరు రంగు చాలు. తెలుపు మాత్రం ఆలోచించి ఎంచుకోండి, ఎందుకంటే నూనె ఆధారపు తెల్ల ఎనామిల్ వెలుతురు తగలనిచోట పసుపుబారుతుంది. పగులు దగ్గర రంగు లేస్తే అక్కడ మళ్లీ వేయవచ్చు గానీ, పాత రంగుకూ కొత్త రంగుకూ ఛాయ కలవదు, చివరికి తలుపు మొత్తం వేయవలసి వస్తుంది. ఒకసారి నారల్లోకి దిగిన రంగును టేకు నుంచి పూర్తిగా తీయడం కూడా కష్టమే కాబట్టి మంచి టేకు మీద, జిట్రేగు మీద దీన్ని వేయకూడదనే అంటాను.

పీయూ పూతను రెండు భాగాలు కలిపి, స్ప్రే గన్‌తో, దుమ్ము లేని గదిలో వేయాలి. వేడికీ నీళ్లకూ గీతలకూ ఈ మూడింటిలో ఇదే బాగా తట్టుకుంటుంది. అన్నం తినే బల్ల పైభాగానికి నేను ఇంకోటి సూచించను. పాత అల్మారాకు మాత్రం సందేహిస్తాను. కీళ్ల దగ్గర పొర చిట్లి తేమ లోపలికి వెళితే అక్కడ తెల్లగా పొక్కుతుంది, ఆ ముక్కను మాత్రమే బాగుచేస్తే అతుకు దాగదు. టేకులోని సహజమైన నూనె వల్ల పొర సరిగా పట్టకపోవడం మరో ఇబ్బంది. వేసే ముందు థిన్నర్‌తో తుడిపించాలి. మెలమైన్ అనే మరో పూత ధరలో తక్కువే గానీ బాగుచేసే విషయంలో ఇదే కోవ. అవిసె నూనె రాయడం సులువే, కానీ దుమ్ము పట్టే ఇళ్లకు అంతగా నప్పదు. తుడిచిన గుడ్డలను కుప్పగా వదిలితే వాటంతట అవే వేడెక్కి అంటుకునే ప్రమాదం ఉంది గనుక పరిచి ఆరబెట్టాలి.

మొత్తం టేకైతే లక్క పాలిష్, అతుకులు ఎక్కువైతే ఎనామిల్ అన్నది నా ఎంపిక. వానాకాలంలో స్పిరిట్ ఆరేటప్పుడు ఉపరితలం చల్లబడి, గాలిలోని తేమ దానిపై చేరి పాలిష్ తెల్లగా మసకబారుతుంది, నడివేసవి మధ్యాహ్నం గుడ్డ ఆడించేలోపే ఆరిపోయి గీతలు మిగులుతాయి. డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు, పొద్దెక్కాక పని పెట్టించడం మేలు. బయట ఎనామిల్ వేయించినా లోపలి అరలకు మాత్రం దాన్ని పూయించకండి. తలుపులు మూసి ఉంచితే ఆ వాసన వారాల తరబడి బట్టలకు పడుతుంది, సరిగా గట్టిపడని రంగుకు బరువైన చీరల కట్టలు అంటుకుంటాయి. లోపల నున్నగా రుద్ది, రెండు పొరల పలుచని లక్క వేసి వదిలేస్తే సరిపోతుంది.