మిథున్‌ను చూడాలంటే జీరోలో ఎక్కడ దిగాలి, ఎవరితో వెళ్లాలి

అరుణాచల్ ప్రదేశ్‌లోని జీరో లోయ అనగానే మనవాళ్లు సెప్టెంబర్ మ్యూజిక్ ఫెస్టివల్ గురించో, వరిచేల ఫొటోల గురించో అడుగుతారు. నేను మాత్రం మిథున్ అనే పశువు కోసమే వెళ్లాను. మన పాపికొండల్లో తిరిగే అడవిదున్నకు ఇది దగ్గరి చుట్టం, ఒళ్లంతా నలుపు, మోకాళ్ల కింద తెలుపు, వెడల్పాటి నుదురు. అరుణాచల్‌కీ నాగాలాండ్‌కీ ఇదే రాష్ట్ర జంతువు.

బయటి రాష్ట్రాలవాళ్లు అరుణాచల్‌లోకి వెళ్లడానికి కావాల్సిన ఇన్నర్ లైన్ పర్మిట్ ఆన్‌లైన్‌లోనే దొరుకుతుంది, దానికి టెన్షన్ పడక్కర్లేదు. గువాహటిలో రాత్రి రైలెక్కితే పొద్దున్నే ఇటానగర్ పక్కనున్న నాహర్‌లగున్‌లో దిగొచ్చు, అక్కడి నుంచి జీరోకి షేర్ సుమో. 2022లో ఇటానగర్ దగ్గర హోలోంగిలో విమానాశ్రయం కూడా వచ్చింది, ముసలివాళ్లు ఉంటే అదే నయం. సుమోలో మధ్య సీటు అడిగి తీసుకోండి, వెనక కూర్చుంటే ఘాట్ రోడ్డుకి నడుం పోతుంది. పోతిన్, యజాలీ మీదుగా వెళ్లే ఆ దారంతా నిషీ తెగవాళ్ల ప్రాంతం. మిథున్‌లు రోడ్డు మధ్యలో పడుకుని ఉంటే మా డ్రైవర్ హారన్ కొట్టకుండా బండి ఆపాడు. దాన్ని గుద్దితే యజమానికి పరిహారం కట్టాలి, ఆ సంగతి అక్కడ ప్రతి డ్రైవర్‌కీ తెలుసు.

ముందు జీరోలోని హపోలీ బజారులో ఒక హోటల్లో దిగాను. గది శుభ్రమే, ఏటీఎం పక్కనే, కానీ మిథున్‌ను చూపిస్తామని డబ్బు తీసుకుని రోడ్డు పక్కన కారు ఆపి ఫొటో తీసుకోమన్నారు. అంత ఖర్చు అనవసరం. అందుకే లోయలోనే హాంగ్ ఊళ్లో, ఇక్కడి అపతానీ తెగకు చెందిన ఒక కుటుంబం నడిపే హోమ్‌స్టేకి మారాను. ఇంటి మధ్యలో పొయ్యి, దాని పైన అటక మీద పొగకు ఆరుతున్న మాంసం, వెదురు మొలకల కూర, వేడి అన్నం. వేడినీళ్లు బకెట్‌తోనే ఇస్తారు, బాత్రూమ్ బయట ఉంది, అయినా నేను మళ్లీ వెళ్తే అక్కడే ఉంటాను. శాకాహారులైతే ముందే చెప్పండి, పప్పు, ఆకుకూర వండుతారు.

ఆ ఇంటి పెద్దాయన అడవికి వెళ్తుంటే నేనూ వస్తానని అడిగాను. ఉప్పు సంచీ భుజాన వేసుకుని, చాలాసేపు ఎక్కి, ఒక ఖాళీ జాగాలో నిలబడి గట్టిగా ఒక పిలుపు పిలిచారు. కాసేపటికి పొదలు కదిలాయి, ముందు ఒక ఆడ మిథున్, వెనక దాని దూడ, ఆ తర్వాత నాకు వణుకు పుట్టేంత పెద్ద పోతు. అవి ఆయన చేతిలో ఉప్పు నాకుతుంటే నేను దూరంగానే నిలబడ్డాను, కొత్త మనిషి దగ్గరికి వెళ్తే బెదిరిపోతాయి. వీటికి కొట్టం లేదు, పలుపు లేదు, మేత వేసేవాళ్లు లేరు. ఏడాదంతా అడవిలోనే. ఏది ఎవరిదో చెవికి పెట్టిన గాటు చూసి చెబుతారు. పాలు పితకరు, నాగలికి కట్టరు, అసలు అపతానీలు తమ వరిచేలను పారలతోనే తవ్వుకుంటారు.

మరి ఎందుకు పెంచుతారంటే, ఆ సమాజంలో మనిషి పరువు, చుట్టరికం, అప్పు, తప్పు అన్నీ మిథున్‌తో ముడిపడి ఉన్నాయి. నిషీల పెళ్లిళ్లలో వరుడి వైపు నుంచి మిథున్‌లు వెళ్తాయి, పాతరోజుల్లో తగాదా తీరాలన్నా మిథునే ఇచ్చేవారు. అపతానీలు ధాన్యం ఇచ్చి నిషీల దగ్గర మిథున్‌లు తెచ్చుకునేవారు. జనవరిలో చేసే మురుంగ్ క్రతువులో మిథున్‌ను బలి ఇచ్చి మాంసం బంధువులకు వాటాలు వేస్తారు. పశువు అనగానే పాలూ కాడీ గుర్తొచ్చే మనకు ఇది కొత్తగా ఉంటుంది, చూసి తీర్పులు చెప్పకండి, కూర్చుని అడగండి, ఓపిగ్గా చెబుతారు. ఆదిలాబాద్ గోండుల మధ్య పనిచేసి మార్లవాయిలో ఇప్పటికీ అందరికీ తెలిసిన మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్, 1944లో ఈ లోయకే వచ్చి అపతానీల గురించి రాశాడు. పంతానికి పోయిన ఇద్దరు ధనవంతులు పోటీపడి తమ మిథున్‌లను తామే నరికించుకునే ఆచారం గురించి కూడా ఆయన రాతల్లో ఉంది.

2019 పశుగణనలో దేశం మొత్తమ్మీద మిథున్‌లు సుమారు 3.86 లక్షలు, అందులో ఎక్కువ భాగం అరుణాచల్‌లోనే. 2023లో కేంద్ర ఆహార భద్రతా సంస్థ (FSSAI) దీన్ని ఆహార పశువుగా గుర్తించింది, దాంతో రైతులకు అమ్మకం దారి తెరుచుకుంటుందని ఆశ ఉంది. నాకు మాత్రం అడవి గురించే భయం. రోడ్లు, తోటలు పెరిగితే ఇవి పొలాల్లో పడతాయి, కంచెల ఖర్చు ఊళ్లు మోయాలి, గాలికుంటు వస్తే కొండల్లో తిరిగే మందకు టీకా వేయడం మాటలు కాదు. వీటి మీద పరిశోధన చేసే జాతీయ కేంద్రం నాగాలాండ్‌లోని మెడ్జిఫెమాలో 1988 నుంచి ఉంది. పశువైద్యం చదివేవాళ్లు ముందుగా అనుమతి అడిగి అక్కడికి వెళ్లండి. మామూలు యాత్రికులకైతే జీరో చాలు.

అక్టోబర్, నవంబర్ నెలలు మంచివి, వానాకాలంలో జలగలు, కొండచరియలు. అడవికి తీసుకెళ్లిన మనిషికి రోజు కూలి ముందే మాట్లాడుకుని ఇవ్వండి, ఉప్పు ఖర్చు కూడా మీరే పెట్టుకోండి.