స్టైపెండ్ సకాలంలో అందింది, గడువే సరిపోలేదు: ఆక్రమణ మొక్కల ఇంటర్న్‌షిప్‌పై ఒక సమీక్ష

స్థానిక ఆవాసాల పునరుద్ధరణ, ఆక్రమణ మొక్కల నియంత్రణ అన్న పేరుతో మూడు నెలలు సాగిన ఒక ఇంటర్న్‌షిప్‌ను ఇటీవలే పూర్తి చేశాను. ఆక్రమణ మొక్కలంటే వేరే ప్రాంతం నుంచి వచ్చి స్థానిక మొక్కలను అణచివేస్తూ పాకేవి. సంస్థ పేరు చెప్పదలచుకోలేదు. ఇలాంటి వాటికి దరఖాస్తు చేయబోయేవారు ఏమేమి అడిగి తెలుసుకోవాలో చెప్పడమే నా ఉద్దేశం.

ముందు డబ్బు సంగతి చెప్తాను. స్టైపెండ్ ప్రతి నెలా చెప్పిన తేదీకే అందింది. ఇంటి నుంచి ఖర్చులకు తెచ్చుకోగలిగినవారే ఈ పనిలోకి రాగలరన్న పరిస్థితిని అది కొంతవరకైనా తప్పించింది, మా బ్యాచ్‌లో సగం మంది అది లేకపోతే వచ్చేవారే కాదు. అంతకన్నా ముఖ్యంగా, డబ్బు తీసుకున్న మనిషికి పని వెంట పడవలసిన బాధ్యత ఉంటుంది. ఆదివారం పూట స్వచ్ఛందంగా వచ్చినవారు నాలుగు మొక్కలు పీకి, ఫొటోలు దిగి వెళ్ళిపోయేవారు. సోమవారం మేము అదే చోట మళ్ళీ నడుం వంచి, కాండం తెగి వేరు నేలలోనే మిగిలిపోయిన ప్రతి మొక్కనూ వెతికి తీయవలసి వచ్చేది.

శిక్షణ మాత్రం నిజంగా బాగుంది. మొదటి రోజు తరగతిలో, మనుషుల చేతలవల్ల కొత్త ప్రాంతాలకు చేరి స్థిరపడిన జీవజాతులు ప్రపంచమంతటా 37,000కు పైగా ఉన్నాయని, వాటిలో 3,500కు పైగా హాని చేస్తున్నాయని జీవవైవిధ్యంపై పనిచేసే అంతర్ ప్రభుత్వ వేదిక ఐపీబీఈఎస్ 2023లో ఇచ్చిన నివేదికలోని అంకెలు చెప్పారు. అవి విన్న ఆవేశంలో మేమంతా అన్నిటికన్నా దట్టంగా ఉన్న లాంటానా అనే ముళ్ళ ఆక్రమణ మొక్క పొదమీద పడబోతే, మా పర్యవేక్షకురాలు ఆపి, స్థానిక మొక్కలు బాగా ఉండి లాంటానా అక్కడక్కడ మాత్రమే మొలిచిన చోటికి తీసుకువెళ్ళారు. సిడ్నీలో 1960ల్లో జోన్, ఐలీన్ బ్రాడ్లీ అనే అక్కచెల్లెళ్ళు రూపొందించిన పద్ధతి ఇదేనట: బాగున్న నేల నుంచి పాడైన నేల వైపు మెల్లగా జరగాలి, మట్టిని వీలైనంత తక్కువగా కదపాలి, స్థానిక మొక్కలు ఎంత వేగంగా కోలుకుంటే అంత వేగంగానే ముందుకు వెళ్ళాలి. దట్టమైన పొదను ఒక్కసారిగా కొట్టేస్తే ఖాళీ అయిన నేలకు వెలుతురు తగిలి, అందులో దాగి ఉన్న లాంటానా విత్తనాలే ముందు లేస్తాయి.

లాంటానాను తీసే పని చెప్పినంత తేలిక కాదు. నలుపలకల కాండం మీద వెనక్కి వంగిన ముళ్ళు చొక్కాను పట్టుకుంటే ఓపట్టాన వదలవు. ఆకు నలిగితే వచ్చే ఘాటు వాసన సాయంత్రం స్నానం చేసినా చేతులను వదలదు. మొదలు చుట్టూ పలుగుతో మట్టి తీసి, నేలమట్టానికి కొద్దిగా దిగువన తల్లివేరును నరికి, పొదను తలకిందులుగా పెట్టాలి. నేల పైన నరికితే మోడు నుంచి మళ్ళీ చిగురిస్తుంది; నిలువుగా వదిలేస్తే తడి తగిలిన కొమ్మ వేళ్ళూనుతుంది. మొదట్లో నేను అరగంటకొక పొదను కూడా సరిగా తీయలేకపోయాను. పైగా రెండో వారంలో ఒక స్థానిక మొక్క నారును లాంటానా అనుకుని పీకేశాను. ఆ తరువాత ఆకు నలిపి వాసన చూడనిదే ఏ మొలకమీదా చెయ్యి వెయ్యలేదు.

భద్రత విషయంలో సంస్థకు మంచి మార్కులు వేయలేను. మేము తీసిన మరో కలుపు మొక్క వయ్యారిభామ చర్మానికి, ఊపిరికి పడదన్న సంగతి అందరికీ తెలిసినదే. పూత రాకముందే, తొడుగులు వేసుకుని పీకాలని కూడా వాళ్ళే నేర్పారు. అలా నేర్పినవారే మాకు పూటకే చిరిగిపోయే పలుచని తొడుగులు ఇచ్చారు, మాస్కులు అడిగి తెప్పించుకోవలసి వచ్చింది. తోటి ఇంటర్న్ ఒకరికి మోచేతుల దాకా దద్దుర్లు లేచి నాలుగు రోజులు పని మానితే, ఆ రోజులకు స్టైపెండ్ కోత పెట్టారు. ఇది చిన్న విషయం కాదు.

అయితే నా అసలు ఫిర్యాదు గడువు గురించి. ఆక్రమణ మొక్కల నియంత్రణలో మొదటిసారి తీయడం సగం పని కూడా కాదు. వాన పడ్డాక మొలిచే నారును వెతికి తీయడం, అలా కొన్నేళ్ళపాటు తిరిగి తిరిగి రావడమే అసలు పని. మా మూడు నెలలూ వానలకు ముందే ముగిశాయి. సర్టిఫికెట్‌లో ఎన్ని చదరపు మీటర్లు శుభ్రం చేశామో రాశారు గానీ, ఆ నేల ఎన్నాళ్ళు శుభ్రంగా నిలిచిందో రాసే చోటే అందులో లేదు. పాత బ్యాచ్ చివరి రెండు వారాలు, కొత్త బ్యాచ్ మొదటి రెండు వారాలు కలిసేలా పెట్టినా ఎంతో నయం. చేరబోయేవారు ముందుగా అడగవలసిన ప్రశ్న కూడా అదే: మీరు పీకిన చోటికి మళ్ళీ ఎవరు, ఎప్పుడు వెళ్తారు?

అయిదుకు మూడున్నర ఇస్తాను, అందులో మూడు శిక్షణకు, స్టైపెండ్‌కు. మిగిలిన ఆ అర కూడా తీసేయవలసిందేమో. వానలు మొదలయ్యాక ఉండబట్టలేక ఒకసారి ఆ స్థలానికి వెళ్ళాను. మేము వదిలి వచ్చిన చోట వేలెడంత లాంటానా మొలకలు బారులు తీరి ఉన్నాయి. కొత్తగా చేరిన ఇద్దరు ఇంటర్న్‌లు, అవి మేము నాటి వెళ్ళిన మొక్కలనుకుని, ఎంతో శ్రద్ధగా వాటి చుట్టూ పాదులు చేస్తున్నారు.