ఉప్పుగాలిలో ట్రెక్కింగ్ కర్రలు: నాన్నగారితో ఒక రోజు నడక

మోకాళ్ల నొప్పి వల్ల దిగుడు దారులంటే వెనకాడే నాన్నగారిని సముద్రతీరపు కాలిబాటలకు తీసుకువెళ్లాలని అనుకున్నప్పుడు, ఆయన కోసం ఒక జత ట్రెక్కింగ్ కర్రలు కొన్నాను. ఒకదానిలోకి ఒకటి జారే మూడు అల్యూమినియం గొట్టాలు, తిప్పి బిగించే లాక్, కార్క్ పిడి, కొసన టంగ్‌స్టన్ కార్బైడ్ మొన. బరువు ఒక్కొక్కటి 250 గ్రాములకు అటూ ఇటూగా ఉంటుంది. నేను వాడే పాత జతకు మీట నొక్కి బిగించే లాక్ ఉంది. రెండు జతలూ ఒకే రోజు ఒకే దారిలో నడిచాయి కనుక, ఈ సమీక్ష కొత్త జతదే అయినా పాతదానితో పోలిక తప్పదు.

“కర్ర పట్టుకునే వయసు నాకింకా రాలేదురా” అన్న నాన్నగారి అభ్యంతరం కొండ అంచు దారిలో మొదటి దిగుడు వరకే నిలిచింది. మోచేయి లంబకోణంలో వంగేలా పొడవు అమర్చుకోవడం, ఎక్కేటప్పుడు అయిదు నుంచి పది సెంటీమీటర్లు తగ్గించి దిగేటప్పుడు అంతే పెంచుకోవడం ఆయనకు వెంటనే పట్టుబడింది. చేతిపట్టీలోకి చేతిని కింది నుంచి పైకి దూర్చి, పట్టీతో కలిపి పిడిని పట్టుకుంటే బరువు పిడికిలి మీద కాక మణికట్టు మీద పడుతుందన్న సంగతి మాత్రం రెండుసార్లు చెప్పవలసి వచ్చింది. కార్క్ పిడి చెమటకు జారలేదు. నాచు పట్టిన బండల మీద రబ్బరు తొడుగు తీసి మొనను నేరుగా ఆనించినప్పుడు పట్టు బాగా దొరికింది. ఈ భాగం వరకు నాకు ఏ ఫిర్యాదూ లేదు.

ఇసుకలో సంగతి వేరు. పొడి ఇసుకలో మొన జానెడు లోతుకు దిగిపోయేది. మొన లోతుకు దిగకుండా దానికి కాస్త పైన తగిలించే బిళ్లల్లాంటి చిన్న చక్రాలు కర్రలతో పాటు ఇచ్చారు గాని, అవి దాన్ని ఆపలేకపోయాయి. మంచు మీద నడిచేవారు వాడే వెడల్పాటి చక్రాలు ఇక్కడా పనికివస్తాయి గాని, వాటిని విడిగా కొనుక్కోవాలి. నీటి అంచున తడిసి గట్టిపడిన ఇసుక మీద నడిస్తే ఆ ఇబ్బంది లేదు. ఆటు సమయం చూసుకుని బయలుదేరాము కనుక అలాంటి ఇసుక మాకు కావలసినంత దొరికింది.

అసలు లోపం తిరుగు ప్రయాణంలో బయటపడింది. రాతి మెట్ల మీద దిగుతూ నాన్నగారు బరువు మోపగానే కుడి కర్ర కింది ముక్క లోపలికి జారిపోయింది. ఎడమ కర్ర అప్పటికే బండ మీద ఆని ఉండబట్టి ఆయన పడలేదు. మళ్లీ బిగిద్దామంటే లాక్ తిరుగుతూనే ఉంది తప్ప పట్టుకోలేదు. ఈ రకం కర్రల్లో గొట్టం లోపల ఒక మర, దాని మీద విచ్చుకునే ప్లాస్టిక్ ముక్క ఉంటాయి. ఇసుక, ఉప్పుతడి ఆ మరలోకి చేరితే ప్లాస్టిక్ విచ్చుకోకుండా మరతో పాటు ఊరికే తిరుగుతుంది. ముక్కలు విప్పి తాగునీటితో కడిగి, రుమాలుతో తుడిచి బిగించేసరికి అరగంట గడిచింది. ముందున్న ఇసుక దారి పోటు వస్తే మునిగేది కావడం వల్ల ఆ అరగంట నాకు చాలా పొడవుగా తోచింది. మీట లాక్ బయటి వైపే ఉంటుంది కనుక అదే ఇసుకలో నా పాత జత ఒక్కసారి కూడా మొరాయించలేదు. మిగిలిన దారంతా నాన్నగారు వాటితోనే నడిచారు.

ఇసుక వల్ల వచ్చిన లోపానికి వారంటీ వర్తించదని అమ్మినవారు జవాబిచ్చారు. నియమం ప్రకారం అది సరే కావచ్చు గాని, అన్ని రకాల నేలలకూ అనువైనవని పెట్టె మీద ముద్రించినవారు, వాడిన తరువాత ముక్కలు వేరుచేసి మంచినీటితో కడిగి పూర్తిగా ఆరబెట్టాలనీ, మరకు నూనె పూయకూడదనీ సూచనల కాగితంలో రెండు వాక్యాలు రాయకపోవడం నాకు నచ్చలేదు. నూనె పూస్తే లాక్ ఇంకా జారుతుంది. కడగకుండా వదిలేస్తే ఉప్పుకు అల్యూమినియం మీద తెల్లటి పొడి కట్టి ముక్కలు ఒకదానిలో ఒకటి బిగుసుకుపోతాయి.

కొండదారులకు, అడవిదారులకు ఈ జతను నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను. సముద్రతీరానికైతే మీట లాక్ ఉన్నదే తీసుకోండి. నాన్నగారు మరునాడు పొద్దున్నే తన కర్రలు రెండూ విప్పి కడిగి నీడలో నిలబెట్టారు. గొట్టాల్లోంచి రెండు చెంచాల ఇసుక రాలింది. వచ్చే నడకకు మాత్రం నా పాత జత తనదేనని అప్పుడే చెప్పేశారు.