నెట్-ఎస్‌ఎన్‌ఎంపీ సమీక్ష: చదవడం సులువు, సెట్ చేయడంలోనే తిరకాసు

ఒడిశాలోని రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వైపు చిన్న ఇంటర్నెట్ ఆపరేటర్లు కొండ మీది క్యాబిన్‌లో బ్యాటరీ, రెక్టిఫయర్, రిలేలను ఆఫీసు నుంచే చూసుకోవాలంటే, ఒక చిన్న లైనక్స్ పెట్టెలో నెట్-ఎస్‌ఎన్‌ఎంపీ వేసుకోవడం మంచి దారి. ఇది నెట్‌వర్క్ మీద పరికరాల విలువలు చదవడానికి, మార్చడానికి ఉన్న ఎస్‌ఎన్‌ఎంపీ అనే పద్ధతిని నడిపే సాఫ్ట్‌వేర్. డబ్బు కట్టక్కర్లేదు, మాన్యువల్ నిక్కచ్చిగా ఉంటుంది. సొంత ఆబ్జెక్టుల (బ్యాటరీ వోల్టేజీ, రిలే స్థితి లాంటివి) విలువలు చదవడంలో వంక పెట్టడానికేమీ లేదు. సెట్ చేసేటప్పుడే, అంటే ఆఫీసు నుంచి విలువ మార్చేటప్పుడే, అసలు ఇబ్బంది. తప్పు జరిగితే ఒక్క మాట చెప్పి ఊరుకుంటుంది. ఆ మాట పట్టుకుంటే దారి దొరుకుతుంది.

ఎస్‌ఎన్‌ఎంపీ వెర్షన్ 1తో మాత్రం తప్పు వెతకొద్దు. అందులో నోయాక్సెస్, నాట్‌రైటబుల్, నోక్రియేషన్ అనే ఎర్రర్లన్నీ నోసచ్‌నేమ్‌గానే కనిపిస్తాయి. రాంగ్‌టైప్, రాంగ్‌లెంత్ బ్యాడ్‌వాల్యూలో కలిసిపోతాయి. 2సీ గానీ 3 గానీ వాడితే ఏ తప్పు పేరు దానికి ఉంటుంది.

అసలు జవాబే రాకపోతే కమ్యూనిటీ పేరు (పాస్‌వర్డ్ లాంటిది) తప్పయినా అయ్యుండాలి, ఫైర్‌వాల్ యూడీపీ 161 పోర్టును (ఎస్‌ఎన్‌ఎంపీ ప్రశ్నలు వచ్చే దారి) ఆపుతూనైనా ఉండాలి. ఏజెంట్ (పెట్టెలో నడుస్తూ జవాబిచ్చే ప్రోగ్రాం) 127.0.0.1 మీద మాత్రమే, అంటే ఆ పెట్టె లోపలి ప్రశ్నలే, వింటున్నా ఇంతే. కొత్త డెబియన్ (ఒక రకం లైనక్స్) పెట్టెల్లో మొదట్లో అలాగే ఉంటుంది. నోయాక్సెస్ వస్తే ఆ కమ్యూనిటీకి రాసే హక్కు లేనట్టు, లేదా మీ ఓఐడీ (ఆబ్జెక్టుకు ఉన్న అంకెల చిరునామా) ఆ కమ్యూనిటీకి తెరిచిన భాగానికి, అంటే వ్యూకి, బయట ఉన్నట్టు. ఆర్‌డబ్ల్యూకమ్యూనిటీ లైన్లో (కాన్ఫిగ్ ఫైల్లో రాసే హక్కు ఇచ్చేది) ఆఫీసు ఐపీని, మీ సొంత కొమ్మ ఓఐడీని మాత్రమే ఇవ్వండి. ఓఐడీల చెట్టు మొత్తం తెరిచిపెట్టొద్దు. హక్కులన్నీ ఉన్నా సిస్‌లొకేషన్ (పెట్టె ఉన్న చోటు) నాట్‌రైటబుల్ అంటుంటే కాన్ఫిగ్ ఫైల్లో చూడండి. అక్కడ ఆ విలువ రాసి ఉంటే ఆ ఆబ్జెక్టు రీడ్-ఓన్లీ అయిపోతుంది.

రాంగ్‌టైప్ ఎక్కువగా గేజ్32 (రుణ సంఖ్యలు లేని అంకెల రకం) దగ్గర వస్తుంది. సెట్ కమాండ్‌లో దానికి రకం అక్షరంగా ‘యు’ ఇవ్వాల్సిన చోట అలవాటుగా ‘ఐ’ ఇస్తారు. రాంగ్‌లెంత్ మన భాషల పేర్లు రాసినప్పుడు బయటపడుతుంది. యూటీఎఫ్-8లో తెలుగైనా ఒడియా అయినా ఒక్కో గుర్తుకు 3 బైట్లు. గుణింతాలు, పొల్లు కూడా విడిగా లెక్కకొస్తాయి. ‘పర్లాకిమిడి’లో అలాంటివి 11, అంటే 33 బైట్లు. మీ మిబ్‌లో (ఆబ్జెక్టుల వివరాలు రాసే ఫైల్లో) సైజు 32 అని పెడితే ఊరి పేరు ఒక్క బైటు తేడాతో తిరిగొస్తుంది. డిస్‌ప్లేస్ట్రింగ్ అనే రకం ఆస్కీకే (ఇంగ్లీషు అక్షరాలు, అంకెలకే) పరిమితం కాబట్టి ఇలాంటి పేర్లకు ఎస్‌ఎన్‌ఎంపీఅడ్మిన్‌స్ట్రింగ్ వాడి, సైజు 255 దాకా వదిలేయండి.

అన్నిటికన్నా ప్రమాదం, ఎర్రర్ రాకుండానే పని జరగకపోవడం. కాన్ఫిగ్ ఫైల్లో ‘పాస్’ లైనుతో మీ ఓఐడీకి కట్టిన స్క్రిప్టు సెట్ మీద ఏమీ ముద్రించకుండా ముగిస్తే ఏజెంట్ దాన్ని విజయమే అనుకుంటుంది. డెబియన్‌లో ఏజెంట్ రూట్‌గా కాకుండా వేరే యూజర్‌గా నడుస్తుంది. ఆ యూజర్‌కి జీపీఐఓ (రిలేని కదిలించే పిన్నుల) ఫైల్లో రాసే అనుమతి లేకపోతే రిలే కదలదు, ఆఫీసు స్క్రీన్ మీద మాత్రం అంతా బాగున్నట్టే ఉంటుంది. స్క్రిప్టు రాయగానే పిన్ను మళ్లీ చదివి, కదలకపోతే ‘నాట్-రైటబుల్’ అని ముద్రించాలి.

ఇంకొకటి, మళ్లీ మళ్లీ పంపడం. సెట్ కమాండ్ మామూలుగా 1 సెకను ఆగి, జవాబు రాకపోతే మరో 5 సార్లు ప్రయత్నిస్తుంది. స్క్రిప్టుకి 3 సెకన్లు పడితే ఒకే ఆజ్ఞ పలుమార్లు నడవొచ్చు. రిలేని తిప్పే స్క్రిప్టు అయితే చివరికి ఏ స్థితిలో ఉంటుందో చెప్పలేం. అందుకే ‘తిప్పు’ అన్న ఆజ్ఞ పెట్టకుండా, 1 అంటే ఆన్, 2 అంటే ఆఫ్ అని ఖాయం చేసుకోండి. కొండ మీది లింకులకు ‘-టి 10 -ఆర్ 0’ (10 సెకన్లు ఆగు, మళ్లీ పంపకు) ఇచ్చి పంపండి. స్క్రిప్టు ముగిసేదాకా ఏజెంట్ వేరే ప్రశ్నలకు జవాబివ్వదు కూడా. ఇది దీని పెద్ద లోపం.

ఐదారు ఆబ్జెక్టులు దాటితే ‘పాస్_పర్‌సిస్ట్’కి మారండి, స్క్రిప్టు ఒక్కసారే మొదలై కూర్చుంటుంది. పింగ్‌కి పాంగ్, సెట్ అయ్యాక డన్ అని ఆ స్క్రిప్టు ఏజెంట్‌కి చెప్పాలి. ప్రతి జవాబు తర్వాత అవుట్‌పుట్‌ను ఫ్లష్ చేయకపోతే (వెంటనే బయటికి పంపకపోతే) టైమౌట్లు మళ్లీ మొదలవుతాయి. ఎక్కడ ఆగుతోందో చూడాలంటే ఏజెంట్‌ను బ్యాక్‌గ్రౌండ్‌లోకి పంపకుండా టెర్మినల్లోనే ‘-ఎఫ్ -ఎల్ఓ -డియూసీడీ-ఎస్‌ఎన్‌ఎంపీ/పాస్’ అని నడిపితే స్క్రిప్టుకి పంపినది వరుసగా కనిపిస్తుంది.